కనిష్ఠ ఉష్ణోగ్రతను చూసి కూలింగ్ చేశారని తేల్చవద్దు

గుండె ఆగి తిరిగి కొట్టుకున్న రోగికి కూలింగ్, అంటే మెదడు దెబ్బతినకుండా ఒంటి ఉష్ణోగ్రతను యంత్రంతో అదుపులో ఉంచే చికిత్స, చేశారో లేదో తెలుసుకోవడానికి ఐసీయూ రోగుల డేటాబేస్‌లో మొదటి 24 గంటల కనిష్ఠ ఉష్ణోగ్రతను చూస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. మెల్‌బోర్న్‌లోని ఒక ఐసీయూలో నర్సుగా చేరి, తరువాత కొన్నేళ్లు అక్కడి చార్టులను డేటాబేస్‌లోకి ఎక్కించే పని చేసినదాన్ని కనుక ఈ మాట గట్టిగానే చెప్పగలను.

ఒక జూలైలో, అంటే అక్కడి చలికాలంలో, పెరట్లో పడిపోయి చాలాసేపటికి గాని ఎవరి కంటా పడని ఒక పెద్దాయనను తీసుకువచ్చారు. వచ్చేసరికే ఒళ్లు 33.1 డిగ్రీలు ఉంది. మేము ఆయనను చల్లబరచలేదు సరికదా, 36కు తేవడానికి వెచ్చటి గాలి నింపే దుప్పటి కప్పాము. పక్క మంచంలోని రోగికి డాక్టర్లు పెట్టిన లక్ష్యం కూడా 36 డిగ్రీలే. రాత్రంతా మానిటర్ మీద ఆ అంకె కదలలేదు గాని, కూలింగ్ యంత్రం తెర మీద చూస్తే రోగి ఒంటికి అంటించిన ప్యాడ్లలో తిరుగుతున్న నీరు 9 డిగ్రీలకు దిగి ఉంది. లోపలి నుంచి జ్వరం తన్నుకొస్తుంటే యంత్రం దానిని అణచిపెడుతోందన్నమాట. నెల తరువాత కనిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి తీసిన జాబితాలో మొదటాయన చల్లబరిచిన రోగి అయ్యాడు, రెండవాయన ఏ చికిత్సా పొందని మనిషి అయ్యాడు. ఆ రాత్రి రెండు చార్టులూ రాసింది నేనే కాబట్టి తప్పు పట్టుకోగలిగాను.

2002లో కూలింగ్ మేలు చేస్తుందని చూపిన యూరప్, మెల్‌బోర్న్ అధ్యయనాలు వెలువడ్డాక, కూలింగ్ చేసేవారు సాధారణంగా 32 నుంచి 34 మధ్యకు దించేవారు గనుక, అంకెను బట్టి ఊహించడం కొంతవరకు చెల్లింది. 33కూ 36కూ ఫలితంలో తేడా లేదని 2013లో తేలిన తరువాత చాలా యూనిట్లు 36కు మారాయి. జ్వరం రాకుండా చూడడం కంటే 33కు దించడం వల్ల అదనపు మేలు లేదని 2021లో మరో పెద్ద అధ్యయనం చూపింది. ఇప్పుడు చికిత్స బాగా జరిగినచోటే కనిష్ఠ ఉష్ణోగ్రత మామూలుగా కనిపిస్తుంది.

అందుచేత నమోదు చేయవలసినవి డాక్టరు నిర్ణయం, లక్ష్యం, వాడిన పరికరం, మొదలుపెట్టిన సమయం, లక్ష్యాన్ని చేరిన సమయం, తిరిగి వేడెక్కించిన వేగం. ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ ఎక్కడ పెట్టారో కూడా రాయాలి, ఎందుకంటే చెవిలో చూసిన అంకె, మూత్రాశయంలోని ప్రోబ్ చూపే అంకె ఒకటి కావు. మా ఫారంలో ఉన్నది మాత్రం అవును, కాదు అనే రెండు గడులే. తొందరలో ఖాళీగా వదిలేసిన గడిని సాఫ్ట్‌వేర్ "కాదు"గా చదువుకునేది. ఈ సంగతి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఇంకొక చిక్కు ఉంది. ఐసీయూ రోగి జబ్బు ఎంత తీవ్రంగా ఉందో మొదటి 24 గంటల కొలతలను బట్టి లెక్కగట్టే అపాచీ 2 స్కోరులో 32 నుంచి 33.9 వరకు ఉన్న ఉష్ణోగ్రతకు 2 పాయింట్లు పడతాయి. మనం చేతులారా 33కు దించిన రోగికి కూడా అవి పడతాయి గనుక చికిత్స కాస్తా జబ్బు తీవ్రతగా లెక్కకు వస్తుంది, అంచనా వేసిన మరణ ప్రమాదం పెరుగుతుంది, ఆ రోగి బతికితే ఐసీయూ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. కూలింగ్ చేసినట్టు వేరే గడిలో నమోదై ఉంటేనే ఆ రోగులను విడదీసి చూడగలం.