ఓర్లాండోలో పాస్‌హోల్డర్ రేటా, బయట హోటలా?

పిల్లలతో వెళ్తున్నామని, మీవారికి ఒక్కరికే డిస్నీ వరల్డ్ యాన్యువల్ పాస్ ఉందని, దాని మీద 25 శాతం తగ్గించి రాత్రికి 150 డాలర్లకిచ్చే డిస్నీ గది మేలా, బయట 120కి దొరికేది మేలా అని అడిగారు కదండీ.

ఒక్కరికి పాస్ ఉన్నా గదికి ఆ రేటు ఇస్తారు, టెన్షన్ పడకండి. బుకింగ్ మాత్రం ఆయన పేరు మీదే చేయండి. చెక్‌ఇన్‌లో పాస్, ఐడీ అడగొచ్చు.

ఇక లెక్క. ఆ 120లో రిసార్ట్ ఫీజు, అంటే గది అద్దె కాక హోటల్ రోజూ వేసే అదనపు ఛార్జీ, కలిసిందా? కలవకపోతే, ఫీజు ఓ 35, పార్కింగ్ ఓ 20 అనుకున్నా రాత్రికి 175 తేలుతుంది, పన్ను అదనం. డిస్నీ సొంత హోటళ్లలో రిసార్ట్ ఫీజు లేదు, బస చేసేవాళ్లకి పార్కింగ్ 2023 నుంచి ఉచితం. డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న స్వాన్, డాల్ఫిన్ హోటళ్లని ఈ లెక్కలో వేయకండి, వాటి యాజమాన్యం వేరు. పార్కుల దగ్గర పార్కింగ్ పాస్‌తో ఎటూ ఫ్రీయే కాబట్టి దాన్ని ఏ వైపూ కలపొద్దు.

అవే తేదీలకి అందరికీ ఇచ్చే ఆఫర్ కూడా ఓసారి చూడండి. ఒక్కోసారి అదే చవక. రెండు డిస్కౌంట్లూ కలిపి ఇవ్వరు. పొద్దున్నే అరగంట ముందు పార్కులోకి వెళ్లనివ్వడం డిస్నీ గదితో వస్తుంది, పిల్లలున్నారు కాబట్టి నేనైతే అటే మొగ్గుతాను.