పైన తేలే పెట్రోలును కింద వెతికితే దొరకదు

పక్కనున్న బంకులో భూమి కింది ట్యాంకు లీకవుతోందని అనుమానం, కానీ నీటి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది, ఆ రిపోర్టును నమ్మొచ్చా అని అడిగారు. అప్పుడే నమ్మకండి. ముందు ఆ నీళ్లు ఏ లోతు నుంచి తీశారో అడగండి. ఇలాంటి చోట్ల మట్టి, నీళ్ల శాంపిళ్లు తీసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. 'ఏమీ లేదు' అని తేల్చిన రిపోర్టుల్లో ఎక్కువ శాతం తప్పు చోట వెతికినవేనని నా గట్టి నమ్మకం.

ఒక బంకు వెనకింటి వాళ్ల బావిలో నీళ్లు పెట్రోలు కంపు కొట్టేవి. అప్పటికే ఎవరో వచ్చి బోర్లు వేసి, పెట్రోలులో ఉండే విషపదార్థం బెంజీన్ నీళ్లలో లేదని రాసిచ్చి వెళ్లారు. ఆ ఇంటి పెద్దావిడ నన్ను నిలదీసింది. "కాగితంలో లేదంటున్నారు, బిందెలో ఉంది. దేన్ని నమ్మమంటావు బాబూ?"

పాత బోర్ల వివరాలు తెప్పించి చూస్తే విషయం అక్కడే దొరికింది. నీటిమట్టం సుమారు 6 మీటర్ల లోతులో ఉంది. పైపుకి రంధ్రాలు మాత్రం 9 మీటర్ల దగ్గర మొదలయ్యాయి. పెట్రోలు నీటికన్నా తేలిక, నీటిమట్టం మీదే పరుచుకుంటుంది. రంధ్రాల్లేని పైపులోకి అది ఎలా వస్తుంది? ఈసారి రంధ్రాలు నీటిమట్టానికి పైనుంచి కింద దాకా ఉండేలా కొత్త బోరు వేయించాం. పైపులో నీళ్లు కుదురుకున్నాక అద్దంలా కనిపించే బెయిలర్ గొట్టాన్ని దించి పైకి లాగితే, అడుగున నీళ్లు, వాటి మీద జానెడు మందాన పచ్చటి పెట్రోలు. ఆవిడ దగ్గరుండి చూసింది. బోరులో జానెడు ఉంటే మట్టిలోనూ అంతే ఉందని కాదు, బోరులోకి చేరాక మందం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ ఉందా లేదా అన్న వాదన మాత్రం అక్కడితో ఆగింది.

బంకు మేనేజరుది ఇంకో వాదన. నేల రోడ్డు వైపు వాలి ఉంది కాబట్టి లీకైనా అటే పోతుందట. పైనున్న వాలును బట్టి భూగర్భ జలం నడవాలని రూలేమీ లేదు. త్రిభుజంలా కనీసం మూడు బోర్లు వేసి, వాటి నీటిమట్టాలను ఒకే స్థాయి నుంచి కొలిస్తేనే దిశ తెలుస్తుంది. అక్కడ నీళ్లు ఇంటి వైపే వెళ్తున్నాయి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది స్టాకు రిజిస్టరు. రోజూ ట్యాంకులో డిప్ రాడ్ (కొలిచే కడ్డీ) వేసి ఎంతుందో చూస్తారు, అమ్మిన లెక్కతో తేడా వస్తే "ఆవిరైపోయిందిలే" అని వదిలేస్తారు. గంటకు ఒక్క లీటరు కారినా నెలకు 720 లీటర్లు! తేడా ప్రతి నెలా ఒకే వైపు వస్తుంటే మా డ్రిల్లింగు మిషను వచ్చేదాకా ఆగాలా? ట్యాంకుకే కాదు, పైపులకూ వాటి జాయింట్లకూ ప్రెజర్ టెస్టు చేయించాలి. చాలాసార్లు కారేది అక్కడే.

శాంపిలు సీసాల్లోనూ నిర్లక్ష్యమే. బెంజీన్ గాలిలోకి ఇట్టే ఎగిరిపోతుంది. సీసా నిండా నింపి, బోర్లించి, బుడగ లేదని చూసుకోవాలి, ఐసులో పెట్టి పంపాలి. సగం నింపిన సీసా ఎండలో ప్రయాణం చేస్తే ల్యాబు మాత్రం ఏం పట్టుకుంటుంది?

కాబట్టి బోరు పటం, రంధ్రాల లోతు, నీటిమట్టం, ట్యాంకు చుట్టూ తీసిన మట్టి ఫలితాలు అడిగి తీసుకోండి. ఇవి ఇవ్వకపోతే ఆ రిపోర్టు చెల్లదనే అనండి. అది తేలేవరకు ఆ నీళ్లు తాగకండి, వంటకు వాడకండి. కాచి తాగుదామనీ అనుకోకండి, ఆ ఆవిరి గదిలోనే చేరుతుంది. వాసన తగ్గిందన్న ధీమా కూడా వద్దు. తాగే నీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. ముక్కుకు తెలియాలంటే అంతకు ఎన్నో రెట్లు ఉండాలి.