హలాల్, ఝట్కా, కోషర్: తేడా చదివే మాటలోనే ఉందా?

"మూడింటిలోనూ కోసేది మెడే కదా, చదివే మాట తప్ప తేడా ఏముంది? రక్తం పూర్తిగా పోయేది ఏ పద్ధతిలో?" అన్నది ప్రశ్న.

రెండోదానికి ముందు జవాబు: ఏ పద్ధతిలోనూ పూర్తిగా పోదు. గొర్రె బరువులో రక్తం సుమారు 7–8 శాతం. ఎంత బాగా కోసినా బయటికొచ్చేది అందులో సగం, కాస్త అటూ ఇటూ. మిగతాది ఎక్కువగా కార్జం, ఊపిరితిత్తుల్లాంటి వాటిలో ఉండిపోతుంది. మాంసం కడిగితే కారే ఎర్రనీళ్లు రక్తం అనుకుంటారు గానీ, ఆ రంగు చాలావరకు కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది.

తేడా అంతా కత్తి దగ్గరే ఉంది. హలాల్‌లో అల్లా పేరు చెప్పి గొంతు ముందువైపు నుంచి కోస్తారు. గాలిగొట్టం, అన్నవాహిక, రెండు పక్కలా పెద్ద రక్తనాళాలు కలిపి నాలుగు. సున్నీల ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీల లెక్కలో వీటిలో కనీసం మూడు తెగాలి. ఇంకో శాఖ షాఫీలకు మొదటి రెండూ పూర్తిగా తెగాలి. కత్తి వెన్నుపాము దాకా పోకూడదు. ఒంటెకు మాత్రం నిలబెట్టి మెడ మొదట్లో, ఛాతీకి కాస్త పైన పొడుస్తారు. దాన్ని నహ్ర్ అంటారు.

కోషర్‌లో (ఇది యూదుల పద్ధతి) పట్టింపంతా కత్తి అంచు మీద. కత్తికి మొన ఉండదు. కోతకు ముందు అంచును వేలి కొస మీద, గోరు మీద మెల్లగా జార్చి చూస్తారు. గోరుకు తగిలేంత చిన్న గంటు ఉన్నా ఆ కత్తి పనికిరాదు. కోశాక మళ్లీ చూస్తారు. అప్పుడు గంటు కనబడితే ఆ మాంసం కోషర్ కాదు. మధ్యలో ఆగడం, కోయకుండా నొక్కడం, అంచు చర్మం కిందో ఉన్ని కిందో దాగిపోవడం, చోటు తప్పడం, గాలిగొట్టమో అన్నవాహికో తెగకుండా ఊడిరావడం: ఈ అయిదింటిలో ఏది జరిగినా చెల్లదు. ఆ తర్వాత ఊపిరితిత్తులు తడిమి అతుకులున్నాయేమో చూస్తారు. మాంసాన్ని అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, కడుగుతారు. కార్జానికి ఉప్పు చాలదు, నిప్పు మీద కాల్చాల్సిందే.

ఝట్కాలో ఒక్క వేటుకు తల తెగాలి. జంతువు తల ఎత్తినా, కత్తి తేలికైనదైనా వేటు ఎముకలో ఇరుక్కుంటుంది, రెండో వేటు పడాల్సి వస్తుంది. ఒక్క వేటు అన్న మాటకు అక్కడే విలువ పోతుంది. సిక్కుల నియమావళి అయిన 1945 నాటి సిక్కు రెహత్ మర్యాద నిషేధించింది కుఠా మాంసాన్ని, అంటే ముస్లింల పద్ధతిలో కోసినదాన్ని; ఝట్కా తినమని చెప్పలేదు. ఈ రెండిటినీ కలిపేసి వాదించుకోవడం తరచూ కనిపిస్తుంది.

వైదిక పశుయాగంలో అసలు కత్తితో చంపరు. పశువును చంపే పని చేసే శమిత దానికి ఊపిరాడకుండా చేస్తాడు, ఋత్విజులు ముఖం తిప్పుకుంటారు. చంపడం అనరు, సంజ్ఞపనం అంటారు, ఒప్పించడం అన్న అర్థంలో. చేసే పనికి ఎంత ఇబ్బంది పడ్డారో ఆ మాటే చెబుతుంది.

గొంతు కోతలో తరచూ చెడేది ఎద్దులు, ఆవుల విషయంలో. మెడ ముందున్న నాళాలు తెగితే గొర్రెకు చాలావరకు 20 సెకన్లలోపు స్పృహ పోతుంది. ఆవుకు వెన్నుపూసల వెంట పోయే ధమనులు మెదడుకు రక్తం ఇస్తూనే ఉంటాయి. పైగా తెగిన ధమని కొస లోపలికి ముడుచుకుని గడ్డకట్టి మూసుకుపోతుంది. దవడకు దగ్గరగా, మొదటి వెన్నుపూస ఎత్తున కోస్తే ఈ మూసుకుపోవడం తక్కువ. అందుకే మెడ మధ్యలో కోసేవాళ్లను నేను పనివాళ్లనను.

కోతకు ముందు తరిమినా, గుంజినా, ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కోసినా, ఎదుటే కత్తి నూరినా (ఈ చివరి రెండూ ఇస్లాంలోనూ తప్పే) జంతువు బెదిరి, కండలో నిల్వ ఉన్న చక్కెర లాంటి గ్లైకోజన్ కరిగిపోతుంది. అప్పుడు మాంసం పీహెచ్ 5.5 దగ్గరికి దిగకుండా 6 పైనే నిలుస్తుంది. ముక్క నల్లబడి జిగురుగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. ఇక తోలు ఒలిచే ముందు కనుగుడ్డును వేలితో తాకి చూడాలి. రెప్ప కదిలితే ఇంకా ఆగాలి.