డెస్క్‌ నుంచి క్లాస్‌రూమ్‌కి

ప్రశ్న: ఎంఏ జర్నలిజం చేసి హైదరాబాద్‌లోనే ఓ ఛానెల్‌ డెస్క్‌లో పని చేస్తున్నానండీ, యూనివర్సిటీలో మీడియా పాఠాలు చెప్పాలనుంది, పీహెచ్‌డీ తప్పదా?

జవాబు: అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌కి తప్పనిసరేం కాదమ్మా. పీజీలో 55 శాతం ఉండి లెక్చరర్‌ ఉద్యోగాలకి జాతీయ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో మాస్‌ కమ్యూనికేషన్‌ అండ్‌ జర్నలిజం పాసైతే అప్లై చేయొచ్చు, ఉస్మానియా యూనివర్సిటీ పెట్టే సెట్‌ అనే రాష్ట్ర అర్హత పరీక్ష కూడా ఉంది కానీ అది మన రాష్ట్ర యూనివర్సిటీల వరకే. పోటీలో మాత్రం పీహెచ్‌డీ బాగా పనికొస్తుంది. ఒక్కటి చెప్తా, మీ డెస్క్‌ అనుభవాన్ని తక్కువగా చూడకండి, వార్త కాపీని ఎక్కడ కత్తిరిస్తారో హెడ్డింగ్‌ ఎందుకు మారుస్తారో పిల్లలకి చూపించగలిగేది మీలాంటివాళ్లే, థియరీని దానికి కలిపి చెప్పండి. గచ్చిబౌలి సెంట్రల్‌ యూనివర్సిటీలో బోల్‌ హైదరాబాద్‌ అని 90.4 ఎఫ్‌ఎం కమ్యూనిటీ రేడియో ఉంది, వీలైతే వెళ్లి స్టూడెంట్లతో మాట్లాడి రండి.