సముద్రం మీద నెలవంక ఎప్పుడు?

ప్రశ్న: మాది కళింగపట్నం. పున్నమి చంద్రుడు సముద్రంలోంచి పైకొస్తాడు. సాయంత్రం నెలవంక మాత్రం ఎప్పుడూ పడమట, పొలాల వైపే. ఎందుకండీ? భూమి నీడ పడటం వల్లే చంద్రుడు తరుగుతాడా?
– ఒక పాఠకురాలు

జవాబు: నీడ కాదమ్మా. భూమి నీడ చంద్రుడి మీద పడేది చంద్రగ్రహణం నాడే. మిగతా రోజుల్లో చంద్రుడిలో సగం ఎండలోనే ఉంటుంది. ఆ సగంలో మనవైపు ఎంత తిరిగి ఉందో అంతే మనకు కనిపిస్తుంది.

పున్నమికి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు. అందుకే మీ ఊరి వెనక పొద్దు గూకే వేళకి ఇటు సముద్రం మీద తేలతాడు. ఆ తర్వాత రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అమావాస్య తర్వాత వచ్చే విదియకు ఆకాశంలో సూర్యుడి దగ్గరే ఉంటాడు కనుక సూర్యుడి వెంటే పడమట దిగిపోతాడు.

సముద్రం మీద వంక చూడాలనుందా? అమావాస్యకు రెండు రోజుల ముందు, తెల్లవారుజామున, వేటకు పడవలు దిగే వేళకి బీచ్‌కి వెళ్లండి. మబ్బు లేకపోతే తూర్పున సన్నటి వంక, దాన్ని ఆనుకుని బూడిదరంగులో మిగతా గుండ్రమూ కనిపిస్తాయి. ఆ మసక వెలుగు మన భూమిదే! భూమ్మీద పడిన ఎండ చంద్రుడి దాకా వెళ్లి, మళ్లీ మన కంటికి చేరుతుంది. లియొనార్డో డావిన్చి 500 ఏళ్ల కిందటే ఈ సంగతి రాసుకున్నాడు. నాకైతే నిండు పున్నమి కన్నా ఇదే ఇష్టం. పిల్లల్ని కూడా లేపి తీసుకెళ్లండి.