మెడికల్ లీవు తరువాత విధుల్లో చేరబోతున్న శ్రీనివాస్‌కు

చిరంజీవి శ్రీనివాస్‌కు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల నీ మెడికల్ లీవు ముగుస్తుందని, కాలు తీసేశాక ఇక స్తంభాలెక్కే పని కుదరదని డాక్టర్లు చెప్పారని మీ అమ్మ ఫోన్ చేసింది. లైన్‌మన్ ఉద్యోగం పోతుందన్న బెంగ పెట్టుకోకు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకు పనికిరాడనుకుంటే అదే పే స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. అదీ వీలుకాకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా, సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే అతని కోసం అదనంగా సృష్టించిన పోస్టులో, ఉంచాలి. ప్రభుత్వ యాజమాన్యంలోని కంపెనీలకూ ఇది వర్తిస్తుంది గనుక, మీ విద్యుత్ పంపిణీ సంస్థ 'మాది కంపెనీ' అని తప్పించుకోలేదు.

ఉద్యోగుల సర్వీసు ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఇన్నేళ్లు పనిచేసిన వాడిగా చెబుతున్నాను, ఇలాంటి ఉద్యోగిని నేరుగా తీసేసే ఆఫీసులు తక్కువ, అతని చేతే వదిలింపజేసేవి ఎక్కువ. "మెడికల్ ఇన్వాలిడేషన్ కోరుతూ కాగితం రాయండి, కారుణ్య నియామకం కింద మీ అబ్బాయికి ఇప్పిద్దాం" అని ఎంతో ఆప్యాయంగా, టీ తెప్పించి మరీ అంటారు. ఇన్వాలిడేషన్ అంటే ఆరోగ్య కారణంగా ఉద్యోగానికి పనికిరానంటూ విరమణ తీసుకోవడం. ఆ కాగితంలో 'నా ఇష్టపూర్వకంగా' అన్న మాట ఉంటుంది. దాని కింద సంతకం పెట్టవద్దు. పిల్లవాడి నియామకం నిబంధనలకూ ఖాళీలకూ లోబడి ఎప్పటికో తేలే సంగతి, నీ ఉద్యోగం ఇప్పటికే నీది. అలాగని సంతకం పెట్టేసిన వారికి దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. నీలాగే కాలు కోల్పోయిన కునాల్ సింగ్ అనే ఉద్యోగి కేసులో, ఇన్వాలిడేషన్ పెన్షన్ మంజూరైనా చట్ట రక్షణ పోదని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది; అప్పటికి 1995 నాటి పాత చట్టం అమల్లో ఉండేది. కానీ కోర్టు దాకా పోయే అవసరమే రాకుండా చూసుకోవడం మేలు కదా.

అందుకు ముందుగా డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ సంగతి చూడు. 'లైన్‌మన్ విధులకు అనర్హుడు' అని రాసి వదిలేస్తే ఆ ఒక్క వాక్యమే నీ ఫైలును నడిపిస్తుంది. కాబట్టి కూర్చుని చేసే పని, సబ్‌స్టేషన్‌లో రీడింగులు నమోదు చేసే పని వంటివి నువ్వు చేయగలవని డాక్టరు భావిస్తే, ఆ మాట కూడా రాయమని అడుగు. లీవు ముగిసిన మరునాడే జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, 20వ సెక్షన్ కింద ప్రత్యామ్నాయ పోస్టు కోరుతున్నట్లు అందులోనే స్పష్టంగా రాయి. 'సార్‌తో మాట్లాడి రండి' అని గుమాస్తా తిప్పి పంపితే, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపించు. లేకపోతే పోస్టింగు ఆర్డరు వచ్చేదాకా గడిచే రోజులను అనధికార గైర్హాజరుగా చూపిస్తారు. రిపోర్టు తీసుకుంటే మాత్రం, అందినట్టు వేసే ఇన్‌వార్డు ముద్ర, తేదీ ఉన్న నకలు చేతిలో పడేదాకా కౌంటరు వదలకు. వైకల్య ధ్రువపత్రానికి కూడా ఇప్పుడే దరఖాస్తు చేసుకో.

స్పందన లేకపోతే మీ సంస్థలో ఫిర్యాదులు పరిష్కరించే గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు రాయి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లోగా ఆయన విచారించాలని 23వ సెక్షన్ చెబుతోంది, తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. మీ బావమరిది తన ప్రైవేటు కంపెనీకీ ఇది వర్తిస్తుందా అని అడిగాడట. ప్రైవేటు కంపెనీలకు ఈ 20వ సెక్షన్ వర్తించదు, కానీ 21వ సెక్షన్ కింద అవి కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి కాబట్టి, వాళ్ల కంపెనీ విధానం కాపీ అడిగి చూసుకోమను.

జాయినింగ్ రిపోర్టు ముసాయిదా రాసి వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపిస్తాను. అంతవరకు ఆఫీసువాళ్లు ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం చేయవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న