వజ్రం, గ్రాఫైట్ (పెన్సిల్ ములుకులో ఉండేది) రెండూ కార్బనే కదా, వజ్రం ఒక్కటే ఎందుకంత గట్టి?

తేడా అంతా బంధాల్లోనే. కార్బన్ బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లుంటాయి. 8 కావాలి కాబట్టి పక్క పరమాణువులతో జతలుగా పంచుకుంటుంది. ఇదే సమయోజనీయ బంధం. వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగింటితో, 109.5 డిగ్రీల కోణంలో, అన్ని దిక్కులా ముడిపడి ఉంటుంది. గ్రాఫైట్‌లో మూడింటితోనే, అందుకే అది పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. గ్రాఫైట్ బంధాలే బలహీనమని చాలామంది పిల్లలు పరీక్షల్లో రాస్తారు, అది తప్పు. పొర లోపలి బంధం పొడవు 0.142 నానోమీటర్లు, వజ్రంలో 0.154, అంటే గ్రాఫైట్‌దే పొట్టిది, ఇంకా బలమైనది. జారేది పొరకూ పొరకూ మధ్య, అక్కడ దూరం 0.335, పట్టు బలహీనం. అందుకే గ్రాఫైట్ మెత్తన, అలాంటి పొరలు లేని వజ్రం గట్టి.

వానలు పడ్డాక రాయలసీమలోని వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లకు ఒక మాట: దొరికిన రాయిని సుత్తితో కొట్టి చూడొద్దు. వజ్రం గీతకు లొంగదు గానీ, కొన్ని తలాల వెంట దెబ్బకు పగులుతుంది. గాజు మీద గీత పడిందనీ నమ్మొద్దు, పలుగురాయి కూడా గాజును గీస్తుంది.